ఎగ్జాస్ట్ ఫ్యాను ఎందుకు అరుస్తుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు "సార్, నాకు కవితలు రావు, కథలు రావు. మోటార్లు విప్పడం, బిగించడం తప్ప నాకేమీ రాదు" అన్నాను. "అయితే మోటార్ల గురించే రాయవయ్యా, కవితలు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు" అన్నారాయన. అందుకని ఈ నాలుగు పేజీలు. 1990 నుంచి 1995 దాకా ఆరో తరగతి మొదలు పదో తరగతి వరకూ ఇదే హాస్టల్లో ఉన్నాను. తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, ఇప్పటికీ మోటారు వైండింగ్ పనిలోనే ఉన్నాను.

రాయబోయేది చాలా చిన్న వస్తువు గురించి. బాత్‌రూములో కిటికీ పైన ఉండే ఎగ్జాస్ట్ ఫ్యాను. సీలింగ్ ఫ్యాను ఆగితే ఇల్లంతా గోల చేస్తారు. ఇది అరిస్తే మాత్రం స్విచ్ ఆపేసి ఊరుకుంటారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. రాత్రిపూట ఫ్యాను వేస్తే గరగరమని పక్కగదిలో పడుకున్నవాళ్ళు లేచేవాళ్ళు. మా ఆవిడ దాన్ని వేయడం మానేసింది. ఊరంతా మోటార్లు బాగుచేసేవాడి ఇంట్లో ఫ్యాను బాగుండదు, అది మా వృత్తి లక్షణం. నాలుగు నెలలు గడిచాయి. బాత్‌రూము పైకప్పు మీద నల్లటి మచ్చలు లేచాయి, సున్నం పెచ్చులు ఊడింది, తువ్వాళ్ళు ఎప్పుడూ ముక్కవాసనే. మా చిన్నవాడికి ఆయాసం ఉంది. చలికాలంలో అది రెండుసార్లు ముదిరింది. రెండోసారి డాక్టరు గారు ముందు మందు రాయలేదు, "ఇంట్లో ఎక్కడైనా చెమ్మ, బూజు ఉన్నాయా?" అని అడిగారు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. చెమ్మవల్ల పట్టే బూజు ఆయాసం ఉన్నవాళ్ళకు పడదు. ఆ చెమ్మను బయటికి పంపే ఫ్యాను నా ఇంట్లోనే ఉంది, దాన్ని బాగుచేయడం నాకు వచ్చు, కానీ చేయలేదు.

ఆ ఆదివారమే స్టూలు వేసుకుని దాన్ని దించాను. ఎలా బాగుచేశానో చెప్పేముందు ఇంకో సంగతి చెప్పాలి.

స్విచ్ ఆపితే కరెంటు ఆగినట్టేనా?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, అంటే 1993లో, మన హాస్టలు వంటగదిలో గోడకు ఒక పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండేది. పొయ్యి పొగకు రెక్కలు నల్లగా జిడ్డు పట్టి, లారీ వచ్చినట్టు మోగేది. ఒక ఆదివారం పదో తరగతి అన్న ఒకాయన "నేను తుడుస్తానురా" అని స్విచ్ ఆపి, గంగాళం బోర్లించి ఎక్కాడు. చెప్పుల్లేవు, కింద కడిగిన నేల. స్విచ్ ఆపే ఉంది, నేనే చూశాను. అయినా వైరు కలిపిన చోట చెయ్యి తగలగానే ఆయన కేక కూడా వేయలేకపోయాడు, అలాగే అతుక్కుపోయాడు. మాలో ఇద్దరం లాగడానికి పరిగెత్తుతుంటే వంట చేసే తాత మమ్మల్ని తోసేసి, ఎండిన కర్ర తెడ్డుతో ఆ చేతిని కొట్టాడు. అన్న కిందపడ్డాడు. ప్రాణం దక్కింది, మోచెయ్యి విరిగింది. ఆ మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాయలేకపోయాడు. మెయిన్ ఎక్కడుందో అప్పుడు అక్కడున్న నలభై మందిలో ఒక్కరికీ తెలియదు.

ఎందుకలా జరిగిందో నాకు ఐటీఐలో చేరాక అర్థమైంది. ఫ్యానుకు రెండు వైర్లు వస్తాయి. ఒకటి ఫేజు, ఇంకొకటి న్యూట్రల్. స్విచ్ ఎప్పుడూ ఫేజు మీద ఉండాలి. వైరింగ్ చేసినవాడు మరిచిపోయి స్విచ్‌ను న్యూట్రల్ మీద పెడితే ఫ్యాను మామూలుగానే తిరుగుతుంది, స్విచ్ ఆపితే మామూలుగానే ఆగుతుంది. ఎవరికీ తేడా తెలియదు. కానీ ఆగిన ఫ్యానులో కూడా 230 వోల్టులు కాచుకుని కూర్చుంటాయి. తడి కాళ్ళతో నిలబడి ముట్టుకున్నవాడే దాని దారి. ఇలాంటి తప్పుడు వైరింగ్ నేను ఇప్పటికీ పాత ఇళ్ళలో చూస్తూనే ఉన్నాను.

కాబట్టి స్విచ్ ఆపడం చాలదు, మెయిన్ ఆపాలి. పాత ఇళ్ళలో అయితే ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి, ఇంకెవరూ తెలియక పెట్టకుండా ఉంటుంది. తర్వాత టెస్టరుతో చూడాలి. టెస్టరు వెలగకపోతే కరెంటు లేనట్టే అనుకోవద్దు, టెస్టరే చెడిపోయి ఉండవచ్చు. మెయిన్ ఆపకముందే పనిచేస్తున్న ప్లగ్గులో దాన్ని పెట్టి వెలుగుతోందని చూసుకుని, ఆపిన తర్వాత ఫ్యాను వైర్లు రెండింటి మీదా చూడాలి. నేల పొడిగా ఉండాలి. బకెట్లు, గంగాళాలు ఎక్కవద్దు. చెక్క స్టూలు ఎక్కి, ఒకరిని పట్టుకోమనండి. ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఇంకా మంచిది.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. ఇది చదివి హాస్టలు ఫ్యాను మీదికి ఎక్కవద్దు. వార్డెన్ గారికి చెప్పండి, ఎలక్ట్రీషియన్ని పిలిపిస్తారు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు, పెద్దవాళ్ళెవరైనా పక్కన ఉంటే, వాళ్ళతో కలిసి చేయండి. మెయిన్ ఎక్కడుందో మాత్రం ఈ రోజే చూసి పెట్టుకోండి.

ముందు చెవితో చూడాలి

మోత అంటే అన్నీ ఒకటి కాదు. స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు ఫ్యాను వేసి ఒక నిమిషం వినండి. తర్వాత స్విచ్ ఆపి మళ్ళీ వినండి. ఈ రెండోది చాలామంది చేయరు. స్విచ్ ఆపగానే, రెక్కలు ఇంకా తిరుగుతూండగానే మోత టక్కున ఆగిపోతే అది కరెంటు తాలూకు హమ్మింగ్. ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి, మోటారులోని ఇనుప పలకలు సెకనుకు 100 సార్లు అదురుతాయి. పలకలు వదులైనా, మోటారు స్క్రూలు వదులైనా ఆ అదురు బయటికి వినిపిస్తుంది. స్విచ్ ఆపిన తర్వాత కూడా రెక్కలు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ గరగరలాడుతుంటే జబ్బు తిరిగే భాగంలోనే ఉంది. బేరింగో, బుష్షో, రెక్కలో.

టకటకమని లెక్కగా కొడుతుంటే రెక్క ఎక్కడో చట్రానికి తగులుతోంది. కీచుమంటే బుష్ ఎండిపోయింది. రాళ్ళు నమిలినట్టు గరగరలాడితే బేరింగులో గోళీలు తుప్పుపట్టాయి. గాలి వీచినప్పుడు మాత్రమే టపటపమంటే అసలు ఫ్యానుదే తప్పు కాదు, వెనక ఉండే ప్లాస్టిక్ తలుపు రెక్కలు కొట్టుకుంటున్నాయి. గుయ్ మని మూలుగుతూ తిరగడానికి మొరాయిస్తే, లేదా వేలితో తోస్తేగానీ కదలకపోతే, కండెన్సరు బలహీనపడి ఉండాలి, లేదా బుష్ పట్టేసి ఉండాలి. మెయిన్ ఆపి రెక్కను చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా నాలుగు చుట్లు తిరిగితే అనుమానం కండెన్సరు మీద. బిగుసుగా ఉంటే బుష్ మీద.

5 గ్రాముల మురికి

మా ఇంటిది 9 అంగుళాల ఇనుప ఫ్యాను. దించి చూస్తే రెక్కల మీద వేలిమందాన మురికి. బాత్‌రూము గాలిలో ఆవిరి ఉంటుంది, దానితో పాటు సబ్బు తుంపర, పౌడరు, తువ్వాలు నూగు. ఇవన్నీ కలిసి రెక్కల మీద పిండికట్టులా గట్టిపడతాయి. అన్ని రెక్కల మీదా సమానంగా పడితే పరవాలేదు. ఒక రెక్క మీద పెచ్చు ఊడిపోయి మిగతావాటి మీద ఉంటేనే ప్రమాదం.

పదో తరగతి తమ్ముళ్ళు ఈ లెక్క చేసి చూడవచ్చు. ఫ్యాను నిమిషానికి 1,350 చుట్లు తిరుగుతుందనుకుందాం, అంటే సెకనుకు 22.5 చుట్లు. ఒక రెక్క మీద, మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో, 5 గ్రాముల మురికి ఎక్కువగా ఉందనుకుందాం. పాత స్టీలు రూపాయి బిళ్ళ బరువు ఇంచుమించు అంతే ఉంటుంది. కోణీయ వేగం సెకనుకు సుమారు 141 రేడియన్లు. దాన్ని వర్గం చేసి, 0.1 మీటరుతో, 0.005 కిలోగ్రాముతో గుణిస్తే సుమారు 10 న్యూటన్లు వస్తుంది. అంటే ఒక కిలో బరువు షాఫ్టును పక్కకు లాగినట్టు. అదీ ఒకే వైపుకు కాదు, సెకనుకు 22 సార్లు చుట్టూ తిప్పితిప్పి లాగుతుంది. రూపాయి బిళ్ళంత మురికి బేరింగును ఎలా తినేస్తుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు. మురికి వల్ల మోత వస్తుంది, ఆ మోతను పట్టించుకోకపోతే బేరింగు పోతుంది, బేరింగు పోతే రోటరు వైండింగ్‌కు రాసుకుంటుంది. అప్పుడు మోటారు కాలిపోతుంది. నా షాపుకు వచ్చే ఎగ్జాస్ట్ ఫ్యానుల్లో చాలావరకు ఈ మెట్లన్నీ దిగి వచ్చినవే.

అందుకే మొదటి పని శుభ్రం చేయడం. రెక్కల సెట్టును షాఫ్టు నుంచి తీయాలి. ఇనుప ఫ్యానుల్లో మధ్యలో చిన్న గ్రబ్ స్క్రూ ఉంటుంది, అది వదులు చేస్తే వస్తుంది. 6 అంగుళాల ప్లాస్టిక్ ఫ్యానుల్లో మూతలాంటి నట్టు ఉంటుంది. చాలావాటికి దాని మర ఉల్టాగా ఉంటుంది, కుడివైపు తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక బలంగా ఎడమకు తిప్పి విరగ్గొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఐటీఐ మొదటి సంవత్సరంలో. రెక్కలను, జాలీని, వెనక తలుపు రెక్కలను గోరువెచ్చటి సర్ఫు నీళ్ళలో అరగంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. కత్తితో గీకవద్దు, రెక్క వంగితే కొత్త మోత కొనుక్కున్నట్టే. మోటారుకు మాత్రం నీళ్ళు తగలకూడదు. దాన్ని పొడి బ్రష్‌తో, పొడి గుడ్డతో తుడవాలి.

ఇంతవరకూ చేసి బిగిస్తే సగం ఫ్యానుల్లో మోత పోతుందని నా అనుభవం. బిగించేటప్పుడు గోడకూ చట్రానికీ మధ్య స్క్రూల దగ్గర పాత సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి పెట్టండి. ఫ్యాను అదురు గోడలోకి పాకదు. షాపులో రబ్బరు వాషర్లు దొరుకుతాయి, కానీ సైకిల్ ట్యూబుకు ఏదీ సాటిరాదు.

మా ఫ్యాను ఆ మిగతా సగంలోది. శుభ్రం చేసినా గరగర పోలేదు.

బుష్షా, బేరింగా?

షాఫ్టు కొసను పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడాలి. ముందుకూ వెనక్కూ కొద్దిగా కదలడం మామూలే. పైకీ కిందికీ ఆడితే మాత్రం అరిగినట్టు.

చిన్న ఫ్యానుల్లో ఎక్కువగా బుష్ ఉంటుంది. కంచు పొడిని అచ్చులో నొక్కి, వేడిచేసి తయారుచేసిన ఉంగరం అది. కంటికి నున్నగా కనిపిస్తుంది గానీ లోపల స్పాంజిలాగా సన్నటి రంధ్రాలు. ఘనపరిమాణంలో సుమారు ఐదోవంతు ఆ రంధ్రాలే, వాటినిండా నూనె. షాఫ్టు తిరిగి వేడెక్కగానే నూనె బయటికి వస్తుంది, ఆగి చల్లబడగానే మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నూనె అయిపోతుంది, అప్పుడు కీచుమంటుంది. బుష్ చుట్టూ ఉండే ఫెల్టు ముక్క మీద కుట్టుమిషన్ నూనె రెండు మూడు చుక్కలు వేసి, షాఫ్టును చేత్తో తిప్పుతూ గంటసేపు ఉంచితే చాలు. ఎక్కువ పోస్తే వైండింగ్ మీద కారి దుమ్మును పిలుస్తుంది. కొబ్బరినూనె వేయవద్దు. మన ఇళ్ళల్లో ఏది కీచుమన్నా ముందు చెయ్యి వెళ్ళేది కొబ్బరినూనె సీసా మీదికే. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, తర్వాత బంకలా తయారై బుష్‌ను పట్టేస్తుంది. అంతకుముందు ఎవరైనా వేసి ఉంటే బుష్‌ను కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు మిషన్ నూనె వేయాలి. ఆ దరిదాపుల్లో అగ్గిపుల్ల వెలగకూడదు.

మా ఫ్యానుకు ఉన్నవి బాల్ బేరింగులు. వీటికి బయటి నుంచి నూనె వేసి లాభం లేదు, మార్చాల్సిందే. బేరింగు మీద నంబరు ఉంటుంది. మాదాని మీద 6201 అని ఉంది. ఈ నంబరు చదవడం వస్తే షాపువాడు ఏదో ఒకటి అంటగట్టలేడు. మొదటి 6 అంటే గోళీల బేరింగులో మామూలు రకం. రెండో అంకె 2 అంటే దాని మందం, బయటి కొలతల వరస. చివరి రెండంకెలు లోపలి రంధ్రాన్ని చెబుతాయి. 00 అయితే 10 మిల్లీమీటర్లు, 01 అయితే 12, 02 అయితే 15, 03 అయితే 17. 04 నుంచి మాత్రం అయిదుతో గుణిస్తే చాలు, 04 అంటే 20. కాబట్టి 6201కి లోపల 12, బయట 32, మందం 10 మిల్లీమీటర్లు. సీలింగ్ ఫ్యానుల్లో ఎక్కువగా కనిపించే 6202కి లోపల 15, బయట 35, మందం 11. నంబరు తర్వాత ఉండే అక్షరాలు కూడా చూడాలి. జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత, దుమ్మును ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. టూ ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు మూత. బాత్‌రూముకు రబ్బరుదే తీసుకోండి. మా పాతవి రేకు మూతలవి. విప్పి చూస్తే లోపల గ్రీజు ఎర్రటి తుప్పు ముద్ద అయిపోయి ఉంది.

మోటారు విప్పేముందు రెండు మూతలకూ మధ్య దిమ్మెకూ అడ్డంగా ఒక గీత గీయండి, తిరిగి అదే వరసలో కూర్చోవాలి. వాషర్లు ఏది ముందు ఏది వెనక అన్నది సెల్‌ఫోన్లో ఫొటో తీసుకోండి. మా కాలంలో కాగితం మీద బొమ్మ వేసుకునేవాళ్ళం, అది గాలికి ఎగిరిపోయేది. పాత బేరింగును పుల్లరుతో లాగాలి. పుల్లరు లేకపోతే సుత్తితో బాదకుండా ఏదైనా వైండింగ్ షాపుకు తీసుకెళ్ళండి, రెండు నిమిషాల పని. కొత్తది ఎక్కించేటప్పుడే అసలు జాగ్రత్త. షాఫ్టు మీదికి ఎక్కిస్తున్నాం కాబట్టి దెబ్బ లోపలి ఉంగరం మీదే పడాలి. ఆ కొలతకు సరిపోయే గొట్టం ముక్క పెట్టి, దాని మీద నెమ్మదిగా తట్టాలి. బయటి ఉంగరం మీద కొడితే ఆ దెబ్బంతా గోళీల మీదుగా వెళ్ళి దారిలో సన్నటి గుంటలు పడతాయి. కొత్త బేరింగు వేసినా మొదటి రోజే మోగిందంటే కారణం చాలాసార్లు ఇదే. "కంపెనీ మాల్ బాగాలేదు" అని షాపువాడితో గొడవపడతారు పాపం.

మూతలు బిగించేటప్పుడు ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్ళకూడదు. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, ప్రతిసారీ షాఫ్టును వేళ్ళతో తిప్పి చూడాలి. ఎక్కడైనా బరువెక్కితే సుత్తి చెక్క పిడితో మూత అంచున తట్టండి, సర్దుకుంటుంది.

కండెన్సరు సంగతి క్లుప్తంగా చెబుతాను. దాని మీద ఎన్ని మైక్రో ఫారడ్లని రాసి ఉందో అంతే వేయాలి. సీలింగ్ ఫ్యానుది ఇంట్లో పడి ఉంది కదా అని తెచ్చి తగిలించవద్దు. ఎక్కువది పెడితే గాలి ఎక్కువ రాదు, వైండింగ్ వేడెక్కుతుంది. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యానుల్లో సర్క్యూట్ బోర్డు ఉంటుంది, వాటి జోలికి ఇంట్లో వెళ్ళకపోవడమే మంచిది. రెక్కలు కడగడం వరకు చేయండి.

ఇంకొకటి. ఫ్యాను గాలిని బయటికి తోయాలంటే లోపలికి గాలి రావాలి. బాత్‌రూము తలుపు కింద సందు లేకుండా మూసుకుపోతే ఫ్యాను ఊపిరాడనట్టు తిరుగుతుంది, దాని గొంతు కూడా మారుతుంది. తలుపు కింద అర అంగుళం సందు ఉండాలి. స్నానం అయ్యాక ఒక పావుగంట ఫ్యాను తిరగనివ్వండి.

మాకు రెండు బేరింగులకు 160 రూపాయలయింది. మొదట మా ఆవిడ నాకు చెప్పకుండా ఒక షాపులో అడిగితే, "మోటారు పోయిందమ్మా, కొత్తది 1,400" అన్నాడట. అందులో మోసం ఉందని నేననను. విప్పి చూసే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు. మచ్చలు గీకి మళ్ళీ సున్నం వేశాం. ఈ చలికాలం మావాడికి రాత్రిపూట లేచి కూర్చోవాల్సిన అవసరం రాలేదు. మందులు మాత్రం డాక్టరు గారు చెప్పినట్టు వాడుతూనే ఉన్నాడు.

పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర కూర్చుని విన్నాను. వంటగదిలో ఇప్పుడున్న ఫ్యాను స్విచ్ ఆపిన తర్వాత కూడా గరగరలాడుతోంది. ఈసారి ఒక రోజు ముందే వస్తాను. పుల్లరు, టూ ఆర్‌ఎస్ బేరింగులు నేను తెస్తాను, నంబరు మాత్రం ఫ్యాను విప్పాకే తెలుస్తుంది కాబట్టి 6201, 6202 రెండూ తెస్తాను. స్విచ్ ఫేజు మీద ఉందో న్యూట్రల్ మీద ఉందో కూడా అప్పుడే చూద్దాం. వార్డెన్ గారు ఒక చెక్క స్టూలు సిద్ధం చేయించాలి. గంగాళం వద్దు.